నయా ఉదారవాదం ఎలా పెరిగింది, దాని స్థానంలో ఏం తెచ్చుకోగలం? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ విషయం మీద ఎక్కడ మాట్లాడినా తిరిగి తిరిగి ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. కొందరు తెలుసుకుందామని అడుగుతారు, కొందరు వాదనకు దిగుతూ అడుగుతారు. ఇద్దరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన బతుకుల్ని నడిపే నిర్ణయాలు గత 50 ఏళ్లలో మన ఓటుకు అందకుండా పోయాయి. వాటిని మళ్లీ ఓటు కిందికి తెచ్చుకోవాలి. కింద రాసినదంతా ఆ కోణంలోంచి చూసిందే.

నయా ఉదారవాదం అంటే సులువుగా ఏమిటి?

నీళ్లు, కరెంటు, చదువు, వైద్యం, పింఛను, జీతం... వీటిలో ఎవరికి ఎంత దక్కాలో మార్కెట్టే తేల్చాలి, జనం ఓటేసి తేల్చకూడదు అనే నమ్మకం. ఆ నమ్మకాన్ని చట్టాలుగా మార్చిన రాజకీయాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తాం. ఆచరణలో దాన్ని గుర్తుపట్టడం తేలిక. ప్రభుత్వ సంస్థల్ని అమ్ముతారు. పెట్టుబడి సరిహద్దులు దాటడానికి ఉన్న అడ్డంకులు తీసేస్తారు. పెద్ద ఆదాయాల మీద పన్ను తగ్గిస్తారు, యూనియన్ల చేతులు కట్టేస్తారు, సంక్షేమానికి కోత పెడతారు.

"అంటే ప్రభుత్వం తప్పుకోవడమే కదా" అంటారు చాలామంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ సమ్మెను అణచాలంటే పోలీసులు కావాలి. కంపెనీ కాంట్రాక్టు అమలు చేయించాలంటే కోర్టు కావాలి. 2008లో బ్యాంకులు మునిగినప్పుడు వాటిని ఒడ్డున పడేయడానికి ఖజానాయే కావాల్సొచ్చింది. ప్రభుత్వం ఎక్కడికీ పోలేదు, ఎవరి మాట వింటుందన్నదే మారింది.

ఉదారం అంటే మంచి మాటే కదా, మరి ఈ పేరేమిటి?

తెలుగులో ఉదారం అనగానే చేతికి ఎముక లేని మనిషి గుర్తొస్తాడు. అందుకే ఈ పేరు మనవాళ్లను తికమక పెడుతుంది. ఇక్కడ ఉదారవాదం అంటే లిబరలిజం, అంటే వ్యక్తికీ వ్యాపారానికీ స్వేచ్ఛ కావాలనే పాత యూరప్ సిద్ధాంతం. 1929 మహామాంద్యంతో దాని పరువు పోయింది. దాన్ని కొత్తగా ఎలా నిలబెట్టాలా అని 1938 ఆగస్టులో కొందరు మేధావులు పారిస్‌లో కూర్చుని చర్చించారు. "నయా" అనే మాట ఆ చర్చల్లో వాళ్ల నోటి నుంచే వచ్చింది. విమర్శకులు తిట్టడానికి పుట్టించిన మాట అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయండి.

ఇది ఎవరి ఆలోచన?

1947 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌లోని మాంట్ పెలెరిన్ అనే చోట ఆస్ట్రియాలో పుట్టిన ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హాయెక్ ఒక సమావేశం పెట్టాడు. 40 మందికి కాస్త తక్కువగా వచ్చారు. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ అప్పటికి కుర్రవాడు, ఆయనా ఉన్నాడు. పది రోజులు మాట్లాడుకుని ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో వాళ్లని పట్టించుకున్నవాళ్లు తక్కువ. యుద్ధం నుంచి బయటపడ్డ దేశాలన్నీ సంక్షేమ రాజ్యం వైపు నడుస్తున్నాయి. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలై అందరికీ ఉచిత వైద్యం వచ్చింది. అమెరికాలో 1950ల్లో అత్యధిక ఆదాయపు శ్లాబు మీద పన్ను 91 శాతం ఉండేది.

వీళ్లు మాత్రం పాతికేళ్లు ఓపికపట్టారు. వ్యాపారుల విరాళాలతో పరిశోధనా సంస్థలు పెట్టారు, ప్రొఫెసర్లను, పత్రికల వాళ్లను తయారు చేసుకున్నారు, సంక్షోభం వచ్చే రోజుకి చేతిలో కాగితాలు సిద్ధంగా పెట్టుకున్నారు. వాళ్ల ఆలోచనతో నాకు ఏకీభావం లేదు. కానీ ఆ ఓపిక మనవైపు లేకపోయిందే అని మాత్రం చాలాసార్లు అనిపించింది.

సరిగ్గా 1970ల్లోనే ఎందుకు నెగ్గింది?

పాత ఏర్పాటు అప్పుడే బీటలు వారింది కాబట్టి. 1971లో అమెరికా డాలరుకు బంగారంతో ఉన్న ముడిని తెంపేసింది. 1973-74లో చమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది. ధరలు, నిరుద్యోగం రెండూ ఒకేసారి పెరిగాయి. అంతవరకూ చదువుకున్న ఆర్థికశాస్త్రం ప్రకారం ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గాలి. జీతాలు పెంచమని యూనియన్లు, లాభాలు పడిపోతున్నాయని యజమానులు. ఎవరో ఒకరు తగ్గాల్సిన పరిస్థితి.

ఆ సమయంలో బల్లమీద ఇంకో దారి కూడా ఉంది. దాన్ని ఇప్పుడు దాదాపు అందరూ మర్చిపోయారు. స్వీడన్ కార్మిక సంఘాల ఆర్థికవేత్త రుడాల్ఫ్ మైడ్నర్ ఒక పథకం తయారు చేస్తే, 1976లో ఆ సంఘాల సమాఖ్య దాన్ని ఆమోదించింది. పెద్ద కంపెనీలు ఏటా లాభాల్లో కొంత వాటాకు సరిపడా కొత్త షేర్లు జారీచేసి కార్మికుల నిధుల్లో వేయాలి. అలా చేస్తే కొన్ని దశాబ్దాల్లో కంపెనీలు కార్మికుల చేతికి వస్తాయి. యజమానులు వీధుల్లోకొచ్చి మరీ వ్యతిరేకించారు. 1983లో బాగా నీరుగార్చిన రూపంలో చట్టమైంది, 1990ల మొదట్లో రద్దయింది. ఆ సంక్షోభానికి ఒకే మందు ఉందని ఎవరైనా అంటే, రెండో సీసా కూడా ఉండేదని చెప్పడానికే దీన్ని రాశాను.

చివరికి మింగించిన మందు వేరు. 1979 అక్టోబరులో అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్ డబ్బు సరఫరాను బిగించాడు. వడ్డీరేట్లు 20 శాతం దాకా వెళ్లాయి. ధరలు తగ్గాయి. 1982 చివరికి అక్కడ నిరుద్యోగం 10 శాతం దాటింది.

అన్నిచోట్లా చిలీ పేరే ఎందుకు ఎత్తుతారు?

మొదటి ప్రయోగశాల అదే. 1973 సెప్టెంబరు 11న సైన్యం, ఎన్నికైన అధ్యక్షుడు సాల్వడార్ అయెండే ప్రభుత్వాన్ని కూలదోసింది. జనరల్ పినోచెట్ గద్దెనెక్కాడు. పార్లమెంటు మూతపడింది, పార్టీల్ని నిషేధించారు, వేలమందిని చంపారు, మాయం చేశారు. ఫ్రీడ్‌మన్ పాఠాలు చెప్పిన చికాగో యూనివర్సిటీలో చదువుకొచ్చిన చిలీ ఆర్థికవేత్తలకు ఆ నిశ్శబ్దంలో పని అప్పగించారు. ధరల మీద అదుపు తీసేశారు, ప్రభుత్వ సంస్థలు అమ్మేశారు. 1981లో పింఛన్లను ప్రైవేటు ఫండ్లకు అప్పగించారు. కార్మికుడు జీతంలో 10 శాతం కట్టాలి, యజమాని వాటా లేదు.

ఆ కొత్త పింఛను పథకం అంత గొప్పదని చెప్పిన సైనిక ప్రభుత్వం, సైన్యాన్నీ పోలీసుల్నీ మాత్రం అందులో చేర్చలేదు. వాళ్లకి పాత పింఛనే ఉంచింది. ఈ ఒక్క విషయం తెలిశాక నాకు వేరే వాదన పెద్దగా అవసరం పడలేదు.

థాచర్‌కీ రీగన్‌కీ జనమే ఓట్లేశారు కదా?

వేశారు. దాన్ని కాదంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ద్రవ్యోల్బణంతో జనం విసిగిపోయారు. ప్రభుత్వ ఆఫీసుల్లో నిర్లక్ష్యం, వరస సమ్మెలు కూడా నిజమే. పైగా 1979లో బ్రిటన్ ప్రధాని అయిన మార్గరెట్ థాచర్ జనం చేతికి అందేదేదో ఇచ్చింది. బ్రిటన్‌లో స్థానిక సంస్థల ఇళ్లలో అద్దెకున్నవాళ్లు ఆ ఇంటినే తక్కువ ధరకు కొనుక్కోవచ్చని 1980లో చట్టం తెచ్చింది. ఆ దశాబ్దంలోనే పది లక్షలకు పైగా ఇళ్లు అలా అమ్ముడయ్యాయి. ఏళ్ల తరబడి అద్దె కట్టిన తలుపుకి తనకు నచ్చిన రంగు వేసుకున్న మనిషికి అది స్వేచ్ఛలాగే అనిపించి ఉంటుంది. తప్పేముంది? కానీ అమ్మిన ఇళ్ల స్థానంలో కొత్తవి కట్టడానికి స్థానిక సంస్థల చేతులు కట్టేశారు. ఆ ఇంటివాళ్ల మనవలు ఇప్పుడు ప్రైవేటు అద్దెలు కట్టలేక అల్లాడుతున్నారు.

ఇంకోపక్క బలప్రయోగం. 1981 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు రీగన్ సమ్మెలో ఉన్న విమాన ట్రాఫిక్ కంట్రోలర్లను 11,000 మందికి పైగా ఒక్క దెబ్బతో ఉద్యోగాల్లోంచి తీసేశాడు. 1984 మార్చి నుంచి ఏడాదిపాటు బ్రిటన్ గని కార్మికులు సమ్మె చేసి ఓడిపోయారు. ఆ రెండు ఓటముల తర్వాత ఆ దేశాల్లో యూనియన్లు మళ్లీ మునుపటిలా లేచి నిలబడలేదు.

పేద దేశాలు దీన్ని ఎందుకు ఒప్పుకున్నాయి?

అప్పు. 1970ల్లో బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చాయి. వోల్కర్ వడ్డీలు పెంచేసరికి ఆ అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 1982 ఆగస్టులో మెక్సికో ఇక కట్టలేనని చేతులెత్తేసింది. దాని వెనకే డజన్లకొద్దీ దేశాలు. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి), ప్రపంచ బ్యాంకు కొత్త అప్పు ఇస్తామన్నాయి, షరతులతో. సబ్సిడీలు తీసేయండి, సంస్థలు అమ్మండి, దిగుమతులకు తలుపులు తెరవండి. 1989లో జాన్ విలియమ్సన్ అనే ఆర్థికవేత్త ఈ సలహాల్ని పది అంశాలుగా రాసి "వాషింగ్టన్ ఏకాభిప్రాయం" అని పేరు పెట్టాడు. ఆ ఏకాభిప్రాయం వాషింగ్టన్ ఆఫీసుల మధ్యే. ఎవరి మీద అమలయిందో వాళ్లని అడిగినవాళ్లు లేరు.

ఆఫ్రికాలో చాలాచోట్ల ఆస్పత్రుల్లో, ప్రాథమిక పాఠశాలల్లో ఫీజులు పెట్టారు. ఫీజు చిన్నదే కదా అనేవాళ్లు కెన్యాలో జరిగింది చూడాలి. 2003 జనవరిలో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక విద్యకు ఫీజు ఎత్తేయగానే పది లక్షలకు పైగా కొత్త పిల్లలు బడికొచ్చారు. ఆ మరుసటి ఏడాది కిమానీ మరూగే అనే 84 ఏళ్ల పెద్దాయన నిక్కరు వేసుకుని, పొడుగు సాక్సులు తొడుక్కుని ఒకటో తరగతిలో చేరాడు. చదువు మీద ఆశ లేక రానివాళ్లు కాదు వాళ్లంతా.

సోషలిస్టు పార్టీలు కూడా ఇదే చేశాయి కదా?

అవును, అదే అన్నిటికన్నా బాధ కలిగించే భాగం. న్యూజిలాండ్‌లో 1984లో గెలిచిన లేబర్ పార్టీయే అన్నీ తెరిచేసింది. ఫ్రాన్స్‌లో 1981 అధ్యక్ష ఎన్నికల్లో సోషలిస్టు నాయకుడు మిట్టరాండ్ బ్యాంకుల్ని జాతీయం చేస్తానని గెలిచాడు, చేశాడు కూడా. డబ్బు దేశం దాటిపోవడం, ఫ్రాంకు పడిపోవడం చూసి 1983లో వెనక్కి తగ్గాడు. అమెరికాలో బ్యాంకుల మీద 1930ల నాటి కట్టడిని 1999లో ఎత్తేసిన చట్టంపై సంతకం పెట్టింది డెమోక్రాట్ అధ్యక్షుడు క్లింటన్.

వాళ్లంతా అమ్ముడుపోయారని అనడం సులువు. కానీ మిట్టరాండ్ కథలో అసలు పాఠం వేరే ఉంది. పెట్టుబడి రాత్రికి రాత్రి దేశం దాటగలిగినప్పుడు, ఎన్నికల్లో గెలిచిన పార్టీకి మార్కెట్టు మీద ఉండే పట్టు చాలా తక్కువ. "ఇంకో దారి లేదు" అని థాచర్ పదేపదే అనేది. ఆ దారుల్ని మూసుకుంటూ పోయారు కాబట్టే ఆ మాట నిజంలా వినబడింది.

అసలు మంచే జరగలేదంటారా?

అలా అనను. ధరల పెరుగుదల అదుపులోకి వచ్చింది. ఫోన్ కనెక్షన్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే రోజులు పోయాయి. కోట్లమంది కటిక పేదరికంలోంచి బయటపడ్డారు. అయితే వాళ్లలో ఎక్కువమంది చైనా వాళ్లు. చైనా బ్యాంకుల్ని ప్రభుత్వం చేతిలోనే ఉంచుకుంది, పెట్టుబడి రాకపోకల మీద అదుపు వదల్లేదు, భూమిని అమ్మకానికి పెట్టలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాటించిన దేశం కాదది. ప్రజాస్వామ్యమూ కాదు, అందుకే దాన్ని ఆదర్శంగా చూపించను. 2016లో ఐఎంఎఫ్ సొంత పత్రికలోనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ విధానాల ఫలితాలను అతిగా చెప్పుకున్నామని, అసమానత పెరిగిందని రాశారు.

2008తో దాని కథ ముగిసిపోలేదా?

ముగుస్తుందని నేనూ నమ్మాను. సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ దివాలా తీసిన వారాల్లో, అప్పటిదాకా మార్కెట్టుకి అన్నీ తెలుసన్నవాళ్లే ప్రభుత్వాల దగ్గర చెయ్యి చాచారు. నష్టం జనం నెత్తిన పడింది, తర్వాత అదే జనానికి పొదుపు పాఠాలు చెప్పారు.

గ్రీస్‌ను చూడండి. 2015 జూన్ చివర్లో బ్యాంకులు మూసేశారు. ఏటీఎంల ముందు క్యూలు, మనిషికి రోజుకు 60 యూరోలే. ఆ టెన్షన్ మధ్య జులై 5న అప్పులిచ్చినవాళ్ల షరతుల మీద రిఫరెండం (ప్రజల ఓటింగ్) జరిగితే 61 శాతం "వద్దు" అన్నారు. ఎనిమిది రోజులు తిరిగేసరికి, జులై 13న, వాళ్ల ప్రభుత్వం అంతకన్నా కఠినమైన షరతులకు తలొంచింది. ఓటు పనిచేసింది, పెట్టెలో లెక్క కూడా తేలింది, ఫలితం మాత్రం అమలు కాలేదు. నయా ఉదారవాదం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే సిద్ధాంతం కన్నా ముందు ఆ వారం గురించే చెబుతాను.

ఇప్పుడు కొందరు నాయకులు సుంకాలు వేస్తూ, సరిహద్దులు మూస్తూ దీనికి తామే విరుగుడు అంటున్నారు. నిర్ణయం కంపెనీ బోర్డు చేతిలోంచి ఒక్క మనిషి చేతిలోకి పోతే మనకు ఒరిగేదేముంది?

ప్రజాస్వామిక ప్రత్యామ్నాయం అంటే అన్నీ ప్రభుత్వానికే ఇచ్చేయడమా?

కాదు. ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన అది ప్రజలదైపోదు. మంత్రి బంధువులకే ఉద్యోగాలు, లెక్కలు ఎవరికీ చూపించని అధికారులు... అలాంటి చోట ప్రైవేటీకరణకు జనం చప్పట్లు కొట్టారంటే ఆశ్చర్యం లేదు. నేను చూసేది మూడే విషయాలు. నిర్ణయం వల్ల ప్రభావితమయ్యేవాళ్లకి అందులో ఓటుందా, లెక్కలు వాళ్ల ముందు పెడుతున్నారా, తప్పు చేసినవాళ్లని దించే వీలుందా. యజమాని ప్రభుత్వమా, సహకార సంఘమా, స్థానిక సంస్థా అన్నది ఆ తర్వాతి మాట.

ఎక్కడైనా జరిగిందా, లేక కాగితం మీద మాటలేనా?

నీళ్లతో మొదలుపెడతాను. బొలీవియాలోని కొచబాంబా నగరంలో నీటి సరఫరాను 1999లో 40 ఏళ్లకు ఒక ప్రైవేటు కంపెనీల కూటమికి ఇచ్చారు. దాని వెనక అమెరికా కంపెనీ బెక్టెల్ ఉంది. శివారు బస్తీలకు నగరం పైపులు రాలేదు కాబట్టి అక్కడివాళ్లు చందాలు వేసుకుని సొంతంగా బావులు తవ్వుకున్నారు. కొత్త చట్టంతో ఆ బావులు కూడా చెయ్యిజారిపోతాయని భయం. 2000 జనవరిలో బిల్లులు వచ్చాయి, కొందరికి రెట్టింపు. జనం వాటిని కట్టలేదు, కూడలిలో తగలబెట్టారు. మార్చిలో వాళ్లే వీధుల్లో పెట్టెలు పెట్టి ఓటింగ్ జరిపితే దాదాపు 50,000 మంది ఓటేశారు. కాంట్రాక్టు వద్దన్నవాళ్లే నూటికి 90 మందికి పైగా. ఆ ఓటు చెల్లదంది ప్రభుత్వం. ఏప్రిల్‌లో నగరం మొత్తం రోడ్డెక్కింది, కాల్పుల్లో 17 ఏళ్ల కుర్రవాడు చనిపోయాడు, కాంట్రాక్టు రద్దయింది. కంపెనీ పెట్టిన నష్టపరిహారం కేసు 2006లో నామమాత్రపు మొత్తానికి ముగిసింది.

ఆ తర్వాత అంతా బాగుపడిందని చెప్పను. నగర నీటి సంస్థలో అవినీతి, నీటి కొరత కొనసాగాయి. గెలిచిన మర్నాడే అసలు పని మొదలవుతుందని కొచబాంబా చూపించింది. ఉరుగ్వేలో 2004లో 60 శాతానికి పైగా ఓటర్లు నీటిని ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలో రాయించుకున్నారు. పారిస్ నగరం 2010 జనవరిలో నీటి సరఫరాను ప్రైవేటు కంపెనీల నుంచి వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాదే నీటి ధర 8 శాతం తగ్గించింది.

బడ్జెట్ లాంటి విషయాలు మామూలు జనానికి అర్థమవుతాయా?

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో 1989 నుంచి నగర బడ్జెట్‌లో పెట్టుబడి ఖర్చు ఎక్కడ పెట్టాలో వాడవాడలా సభలు పెట్టి తేల్చారు. నగరాన్ని 16 ప్రాంతాలు చేశారు. ఒక్కో ప్రాంతం తనకు ముందు ఏం కావాలో వరసలో చెబుతుంది: మురుగు కాలువా, రోడ్డా, బడా. జనాభా ఎంత, ఏ వసతి ఎంత తక్కువ ఉంది అనే లెక్కతో ఆ కోరికలకు మార్కులు వేస్తారు. పేద వాడకి ఎక్కువ మార్కులొస్తాయి, ఎక్కువ డబ్బు వెళుతుంది. మొదలైనప్పుడు సగం ఇళ్లకు కూడా మురుగు పైపులు లేవు. 1996 నాటికి దాదాపు 85 శాతం ఇళ్లకు వచ్చాయి. అక్కడ పెద్ద చదువులు లేని ఆడవాళ్లు, ఇళ్లల్లో పనిచేసుకునేవాళ్లు పైపుల ఖర్చు గురించి ఇంజినీర్లని నిలదీశారు. తన వీధిలో మురుగు ఎటు పారుతుందో ఆ వీధి మనిషికన్నా ఎవరికి బాగా తెలుసు?

తర్వాత పాలకులు మారారు, నిధులు తగ్గాయి, 2017లో ఆ సభల్ని ఆపేశారు. కానీ ఆలోచన అప్పటికే ప్రపంచంలో వేల నగరాలకు పాకింది. చాలాచోట్ల మాత్రం బడ్జెట్‌లో ఒక చిన్న ముక్క పడేసి ఓటేయమంటున్నారు. దాన్నీ అదే పేరుతో పిలవడం నాకు నచ్చదు.

మరి పనిచేసే చోట?

స్పెయిన్ బాస్క్ ప్రాంతంలోని మాండ్రగాన్ సహకార సంఘాలు 1956లో ఒక చిన్న స్టవ్‌ల వర్క్‌షాపుతో మొదలయ్యాయి. ఒక చర్చి ఫాదర్ పెట్టిన సాంకేతిక పాఠశాలలో చదువుకున్న ఐదుగురు కుర్రాళ్లు దాన్ని పెట్టారు. ఇప్పుడు అందులో దాదాపు 70,000 మంది పనిచేస్తున్నారు. సభ్యుడైన ప్రతి కార్మికుడికీ ఒక్క ఓటు, ఎంత వాటా పెట్టినా ఒక్కటే. మేనేజర్‌ని నియమించే బోర్డును వాళ్లే ఎన్నుకుంటారు. పై జీతానికీ కింది జీతానికీ తేడా సాధారణంగా ఆరు రెట్లు దాటదు.

2013లో వాటిలో పేరున్న గృహోపకరణాల కంపెనీ ఫాగోర్ దివాలా తీసింది. అప్పుడు మిగతా సంఘాలు దాని సభ్యుల్లో చాలామందికి తమ దగ్గర పని చూపించాయి. మామూలు కంపెనీ మూతపడితే ఇలా జరగదు. లోపమూ ఉంది. విదేశాల్లోని వాళ్ల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు చాలావరకు సభ్యులు కారు, వాళ్లకు ఓటు లేదు.

పెట్టుబడి పారిపోతే ఏం చేస్తారు?

ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి జవాబు లేకుండా మిగతావన్నీ నిలబడవు. నిజానికి పెట్టుబడి రాకపోకల మీద అదుపు కొత్తదేమీ కాదు. యుద్ధానంతర ప్రపంచ ద్రవ్య వ్యవస్థకు నియమాలు పెట్టిన 1944 బ్రెటన్ వుడ్స్ ఒప్పందమే దాన్ని అనుమతించింది. 1998 సెప్టెంబరులో మలేసియా, 2008లో ఐస్‌లాండ్ ఆ అదుపు పెట్టాయి, రెండూ కూలిపోలేదు. కొన్ని పరిస్థితుల్లో అది అవసరమేనని 2012లో ఐఎంఎఫ్ కూడా ఒప్పుకుంది. పన్నుల విషయంలో 2021లో 130కి పైగా దేశాలు పెద్ద కంపెనీలకు కనీసం 15 శాతం పన్ను ఉండాలని అంగీకరించాయి. ఆ రేటు తక్కువే, కంతలూ ఉన్నాయి. అయినా కంపెనీలు దేశాల మధ్య పోటీ పెట్టి పన్ను తగ్గించుకునే ఆటను దేశాలు కలిసి ఆపవచ్చని ఒప్పుకోవడం అదే మొదలు.

ఇలాంటి ప్రయత్నాలు చివరికి ఓడిపోతూనే ఉన్నాయి కదా?

మళ్లీ చిలీకే వెళ్దాం. 2019 అక్టోబరులో శాంటియాగో మెట్రో టికెట్ 30 పెసోలు పెరిగింది. స్కూలు పిల్లలు టికెట్ గేట్ల మీదుగా దూకారు. రెండు వారాలు తిరిగేలోగా దేశమంతా రోడ్డు మీదుంది. "30 పెసోల గురించి కాదు, 30 ఏళ్ల గురించి" అన్నది వాళ్ల నినాదం. పినోచెట్ కాలపు రాజ్యాంగాన్ని మార్చాలని 2020లో 78 శాతం ఓటేశారు. కొత్త ముసాయిదా రాశారు. 2022 సెప్టెంబరులో దాన్ని 62 శాతం తిరస్కరించారు. కుడివైపు పార్టీల వాళ్లు ఇంకో ముసాయిదా రాస్తే 2023 డిసెంబరులో అదీ ఓడిపోయింది. పాత రాజ్యాంగమే ఇప్పటికీ నడుస్తోంది. ఆ రెండు ఫలితాలూ వచ్చిన రాత్రులు నాకు చాలా బరువుగా గడిచాయి.

అయితే 2025 జనవరిలో చిలీ పార్లమెంటు పింఛన్ల చట్టాన్ని మార్చింది. ప్రైవేటు ఫండ్లు ఉన్నాయి, అందుకే ఉద్యమంలో ఉన్న చాలామందికి అది చాలలేదు. కానీ 1981లో యజమాని భుజం మీంచి దించేసిన పింఛను భారం అందులో మళ్లీ అతని భుజం మీదికి వచ్చింది. కార్మికుడి జీతం మీద 8.5 శాతం దాకా యజమాని కూడా కట్టాలి, ఏటా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ.